త్యాగయ్యగారును వారి పాటల పాఠాంతరములును

కవి వ్రాసిన కావ్యము తాళపత్రమునందు నిలిచియుండును. శిల్పి చెక్కిన ప్రతిమ ఱాతియందు నిలిచియుండును. పాట మాత్రము గాయకుని కంఠమున పుట్టి గాలిలో కలసిపోవును. దానిని మరల వినవలయునన్న మరియొక కంఠము కావలయును. ఆ రెండవ కంఠము మొదటి కంఠము కాదు గదా! కావున ఏ పాటయైనను పాడిన ప్రతిపర్యాయమును కొంత క్రొత్తదియే యగుచుండును. ఈ క్రొత్తదనము పాటకు మేలు చేయునా, కీడు చేయునా యను ప్రశ్న మాకొక చిన్న సంఘటనమువలన కలిగినది.

మా పాఠశాల వార్షికోత్సవమున 8వ తరగతి బాలుడొకడు త్యాగయ్యగారి నగుమోము కీర్తనమును పాడెను. అతడు దానిని గురుముఖమున నేర్చినవాడు కాడు. చేతిఫోనులో విని పట్టుకొన్నవాడు. అందు వాద్యములు విదేశపు రీతివి, నడక మిక్కిలి త్వరితము. బాలుర కరతాళధ్వనులతో పందిరి మారుమ్రోగెను. మా ప్రక్కన కూర్చుండిన వృద్ధోపాధ్యాయులొకరు మాత్రము తల వంచుకొని, పాట ముగియకమునుపే లేచి వెడలిపోయిరి. మరునాడు ఉపాధ్యాయుల గదిలో ఇదియే చర్చ. మహాత్ముని పాటను పాడుచేసిరని కొందరును, ఆ విధముననైనను పిల్లలు పాడుచున్నారు గదా యని కొందరును వాదించిరి. మేము నాడు వృద్ధులవారి పక్షమునే వహించితిమి. పిదప ఈ వార్షిక సంచికకై త్యాగయ్యగారి జీవితమును శ్రద్ధతో చదువగా, మా యభిప్రాయమున కొంత మార్పు కలిగినది. ఆ జీవితమును, ఆ మార్పును చదువరులకు విన్నవింపనెంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

త్యాగయ్యగారి పూర్వులు తెలుగువారు. వారి యింటిపేరు కాకర్లవారు. కాకర్ల గ్రామము వారి మూలస్థానమని చెప్పుదురు. విజయనగర సామ్రాజ్యము క్షీణించిన కాలమున అనేక తెలుగు కుటుంబములు కావేరీతీరమునకు తరలిపోయి, తంజావూరు నాయకరాజుల యాశ్రయమునను, వారి తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువుల యాశ్రయమునను స్థిరపడినవి. రాజవంశములు మారినను ఆ యాస్థానమున తెలుగుపాటకు గౌరవము తగ్గలేదు. అట్టి దేశమున, తిరువారూరను క్షేత్రమున, 1767వ సంవత్సరము మే నెల 4వ తేదీని కాకర్ల రామబ్రహ్మముగారికిని సీతమ్మగారికిని త్యాగయ్యగారు జన్మించిరి. ఆ యూరి దేవుని పేరు త్యాగరాజస్వామి. ఆ పేరే బిడ్డకును పెట్టిరి. శ్యామశాస్త్రిగారును, ముత్తుస్వామి దీక్షితులుగారును ఆ కాలముననే ఆ యూరనే పుట్టుట విశేషము. ముగ్గురిని కలిపి సంగీత త్రిమూర్తులని లోకము కొనియాడుచున్నది.

రామబ్రహ్మముగారు కుటుంబముతో తిరువయ్యారు చేరి కాపురముండిరి. ఆయన రామాయణ ప్రవచనమున ఘనులు. తల్లి సీతమ్మగారు పురందరదాసుని పదములను, భద్రాచల రామదాసుని కీర్తనలను ఇంపుగా పాడెడివారని ప్రసిద్ధి. త్యాగయ్యగారు పాటను మొట్టమొదట విన్నది తల్లినోటనే. ఇచ్చట ఒక సంగతి గమనింపదగియున్నది. పురందరదాసు 1564లో గతించెను. ఆయన పాటలు సీతమ్మగారి యొద్దకు చేరునప్పటికి రెండువందల యేండ్లు గడచినవి. హంపిలో పుట్టిన పాట ఎన్ని నోళ్ళు మారి, ఎన్ని యూళ్ళు తిరిగి, ఎన్ని మార్పులు పొంది ఆ తిరువయ్యారింటికి వచ్చెనో ఎవరు చెప్పగలరు? ఆమె పాడినది పురందరదాసు పాడిన రీతియే యని ఎవ్వరును ప్రమాణము చేయలేరు. అయినను ఆ పాట తన పని తాను చేసినది. వంటయింటిలో పాడుకొనెడి తల్లిగొంతు ఒక మహావాగ్గేయకారుని తయారుచేసినది.

బాలునకు సంగీతమునందుగల యాసక్తిని చూచి తండ్రి అతనిని శొంఠి వేంకటరమణయ్యగారి యొద్ద శిష్యునిగా చేర్చెను. వేంకటరమణయ్యగారు తంజావూరు ఆస్థాన విద్వాంసులు. త్యాగయ్యగారు గురువునొద్ద కొలదికాలముననే విద్య గ్రహించిరి. మరియొకవంక రామనామజపమును నియమముతో సాగించి, ఇరువదియొక్క సంవత్సరములలో తొంబదియారు కోట్లు పూర్తిచేసిరని శిష్యపరంపరలో చెప్పుకొందురు. సంగీతము వారికి సభలను మెప్పించు విద్యగాక ఉపాసనాసాధనమైనది. ఈ యొక్క విషయమును మనస్సున నుంచుకొనినచో వారి జీవితములోని తక్కిన ఘట్టములన్నియు సులభముగా బోధపడును.

తండ్రి గతించిన పిమ్మట ఆస్తి పంపకములు జరిగినవి. త్యాగయ్యగారి భాగమునకు తండ్రి పూజించిన శ్రీరామ విగ్రహములు వచ్చినవి. వారు ప్రతిదినమును తంబురా భుజమున నుంచుకొని, వీథులవెంట హరినామము పాడుచు ఉంఛవృత్తి చేసి, లభించిన బియ్యముతో తమ కుటుంబమును, శిష్యులను పోషించుచుండిరి. తంజావూరు నేలిన శరభోజి మహారాజు వీరి కీర్తిని విని, ఆస్థానమునకు వచ్చి తన్ను స్తుతించి పాడినచో ధనకనకములిత్తునని వర్తమానమంపెను. త్యాగయ్యగారు అంగీకరింపలేదు. ధనము సుఖమా, దైవసన్నిధి సేవ సుఖమా యని తమ మనస్సును తామే ప్రశ్నించుకొనుచు కల్యాణిరాగమున నొక కృతిని పాడి ఊరకుండిరి. రాజకానుకలను కాలదన్నిన తమ్ముని చూచి అన్నయగు జపేశునకు కోపము వచ్చెను. దీనికంతకును ఆ విగ్రహములే మూలమని తలచి, రాత్రివేళ వానిని కావేరిలో పారవైచెనట. ఇంట దేవుడు లేక త్యాగయ్యగారు చాలకాలము దుఃఖించి, నది ఇసుకలో వెదకి వెదకి కడకు విగ్రహములను తిరిగి పొందిరి. పోయినప్పటి వేదనయు, దొరకినప్పటి యానందమును పాటలైనవి. నేడు సభలలో మనము విని తలలూపెడి పెక్కు కృతులు ఇట్టి సమయముల కన్నీళ్ళనుండి పుట్టినవని మరువరాదు.

ఇక వారి రచనా విధానమును గూర్చి కొంచెము చెప్పవలయును. మా ప్రశ్నకు ముఖ్యాధారమిదియే. త్యాగయ్యగారికి పూర్వము కీర్తనలు చాలవరకు సాదాసీదా వరుసలలో నుండెడివి. ఒక పంక్తిని ఒకటి రెండు మారులు పాడి ముందునకు సాగుచుండిరి. త్యాగయ్యగారు కృతియందు సంగతులను విరివిగా ప్రవేశపెట్టిరి. సంగతియనగా నేమి? పల్లవిలోని యొక పంక్తిని మొదట సరళముగా పాడుదురు. రెండవమారు అదే మాటలను స్వల్పభేదముతో పాడుదురు. మూడవమారు స్వరములింకను విస్తరించును. ఇట్లు మెట్టుమీద మెట్టుగా పోయి, తుదకు రాగస్వరూపమంతయు కన్నులకు కట్టినట్లగును. మొగ్గ విచ్చుకొని పువ్వగునట్లు మాట విచ్చుకొని భావమగును. మాటలు మాత్రము మారవు. ఒకే ప్రశ్న మొదట దీనముగాను, పిదప నిష్ఠురముగాను, ఆ పిదప చనవుగాను ధ్వనించును.

చదువరులు దీనిని నిదానించి యోచింపుదురు గాక. ఒకే పంక్తిని పలువిధముల పాడుట పాటను చెరచుటయే యగుచో, ఆ పని మొట్టమొదట చేసినవారు త్యాగయ్యగారే! తాము కట్టిన పాటను ఒకే అచ్చులో పోసి కదలకుండ నుంచవలెనని వారు తలపలేదు. మార్పునకు చోటు విడిచి, ఆ మార్పునకొక క్రమమును నేర్పిరి. వెనుకటి సంగతి ముందటి సంగతికి తల్లియై యుండవలయును. మాటల యర్థము చెడరాదు. రాగము హద్దు దాటరాదు. ఈ మూడు కట్టుబాట్లను మీరనంతవరకు గాయకునకు స్వేచ్ఛ కలదు.

పరులు చేసిన క్రొత్తదనమును వారెట్లు స్వీకరించిరో తెలుపు కథయు నొకటి కలదు. మలయాళదేశమునుండి గోవింద మారారను గాయకుడు త్యాగయ్యగారిని దర్శింప తిరువయ్యారు వచ్చెను. ఆయన ఒకే పాటను ఆరు కాలములలో, అనగా ఒకదానికొకటి రెట్టింపగు ఆరు వేగములలో, పాడగల సమర్థుడు. షట్కాల గోవింద మారారని ఆయనకు బిరుదు. ఆయన నాడు పాడినది జయదేవుని అష్టపది. 12వ శతాబ్దమున ఉత్కళదేశపు సంబంధము గల కవి రచించిన పాటను, ఆరువందల యేండ్ల పిమ్మట, కేరళీయుడొకడు, కావేరీతీరమున, తనదైన రీతిలో పాడుచున్నాడు. ఇంతకుమించిన పాఠాంతరమేముండును? త్యాగయ్యగారు విని పరవశులై ఆ గాయకుని మిక్కిలి గౌరవించిరని శిష్యపరంపరలు చెప్పుచున్నవి. మహానుభావులందరికిని వందనము చేయు శ్రీరాగ కృతిని ఆ సందర్భముననే పాడిరని కూడ కొందరందురు. జయదేవుడు ఇట్లు పాడలేదని వారు ఆక్షేపింపలేదు. పాటలోని భక్తి తమ్ము చేరినది. అంతటితో వారికి తృప్తి కలిగినది.

త్యాగయ్యగారి యింట గురుకులవాసముచేసి నేర్చిన శిష్యులు పెక్కుమంది. వారిలో వాలాజాపేట వేంకటరమణ భాగవతరు, ఉమయాళ్‌పురము కృష్ణభాగవతరు, సుందరభాగవతరు, తిల్లస్థానము రామయ్యంగారు, మానాంబుచావడి వేంకటసుబ్బయ్య, వీణ కుప్పయ్య మొదలగువారు ప్రసిద్ధులు. గురువుగారు శిష్యుని కంఠమునకును శక్తికిని తగినట్లు పాఠము చెప్పెడివారని ప్రతీతి. ఈ కారణముననో, శిష్యుల స్వభావభేదముననో, ఒకే కృతి వాలాజాపేటవారి పాఠమున నొకరీతిగను, ఉమయాళ్‌పురమువారి పాఠమున మరియొకరీతిగను, తిల్లస్థానమువారి పాఠమున వేరొకరీతిగను నేటికిని కనబడుచున్నది. సంగతుల సంఖ్యయందు భేదము, కొన్ని యెడల ఎత్తుగడయందు భేదము, కొన్ని యెడల రాగనామమునందే భేదము. గురువు కన్నులయెదుటనే నేర్చిన శిష్యులలోనే ఇన్ని భేదములున్నప్పుడు, అసలు పాఠమేదియని నిర్ణయింపబూనుట దుష్కరము. ఒక నదికి పెక్కు పాయలున్నట్లు ఒక పాటకు పెక్కు పాఠములున్నవి. ఏ పాయలో మునిగినను కావేరీస్నానమే.

వృద్ధాప్యమున త్యాగయ్యగారు కాంచీపురమునుండి ఉపనిషద్బ్రహ్మేంద్రులవారి యాహ్వానమునందుకొని యాత్ర బయలుదేరిరి. కాంచి, తిరుపతి, చెన్నపట్నము, కోవూరు, తిరువొత్తియూరు మున్నగు స్థలములను సేవించిరి. తిరుమలలో దర్శనవేళకు తెర వేసియుండగా, తమలోని మాత్సర్యమను తెరను తొలగింపుమని గౌళిపంతురాగమున ప్రార్థించిరనియు, అంతట తెర తొలగెననియు చెప్పుదురు. కోవూరు, తిరువొత్తియూరు, శ్రీరంగము, లాల్గుడి దేవతలపై ఐదేసి కృతులు రచించిరి. యక్షగానరీతిలో ప్రహ్లాద భక్తివిజయము, నౌకాచరిత్రము అను గేయనాటకములను గూడ వ్రాసిరి. భజనగోష్ఠులలో పామరులు సైతము పాడుకొనుటకు దివ్యనామ కీర్తనలను, ఉత్సవసంప్రదాయ కీర్తనలను సులభమగు వరుసలలో కట్టిరి. పండితునకొక పాట, పామరునకొక పాట యిచ్చిన దొడ్డమనస్సు వారిది.

తుదిదినములలో సన్న్యాసాశ్రమము స్వీకరించి, 1847వ సంవత్సరము జనవరి నెల 6వ తేదీని, పుష్య బహుళ పంచమినాడు త్యాగయ్యగారు సిద్ధిపొందిరి. కావేరియొడ్డున వారికి సమాధి కట్టిరి. వారికి పుత్రసంతానము లేదు. సీతాలక్ష్మియను కూతురొకతె. ఆమె కుమారుడును సంతానము లేకయే గతించెను. వంశము అంతటితో నిలిచిపోయినది. ధనము మునుపే లేదు. పాటలే వారి యాస్తి, శిష్యులే వారి వారసులు. ఆ పాటలు నిలుచునా, పోవునా యనునది ఆ శిష్యుల కంఠములపై ఆధారపడినది.

త్యాగయ్యగారు 24,000 కృతులు రచించిరని పరంపరగా వచ్చిన మాట. ఇది రామాయణ శ్లోకసంఖ్యతో పోల్చి చెప్పిన మాట కావచ్చును. నేడు మనకు లభించినవి సుమారు 700 మాత్రమే. తక్కినవి ఎన్నియున్నవో, అవి యేమైనవో! ఈ స్థలమున మేము చాలసేపు ఆగి యోచించితిమి. పోయిన ఆ పాటలను చెడగొట్టినవారెవరు? తప్పుగా పాడినవారా? కాదు. తప్పుగా పాడిన పాట, తప్పుతోనైనను, మనయొద్దకు వచ్చియుండెడిది. ఎవ్వరును పాడకుండుటచేతనే అవి పోయినవి. త్యాగయ్యగారు ఒక్కొక్క కృతిచేతనే లోకమునకు తెలిపిన అపూర్వరాగములు కొన్ని కలవు. ఆ యొక్క కృతిని పాడువారు లేకున్నచో రాగము సైతము దానితోడనే అస్తమించును. పాటకు శత్రువు క్రొత్త గొంతు కాదు, మౌనము.

ఐనను, మార్పు ఎట్టిదైనను మంచిదేయని మేము చెప్పబోము. పాతపాఠమును కాపాడినవారు లేకున్నచో క్రొత్తదానిని దేనితో పోల్చి చూడగలము? ఈ విషయమున కొందరి సేవ స్మరింపదగినది. వాలాజాపేట వేంకటరమణ భాగవతరును, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతరును గురువుగారి కృతులను, చరిత్రమును వ్రాసి భద్రపరచిరి. ఆ వ్రాతప్రతులు మధురలోని సౌరాష్ట్రసభవారి సంరక్షణము క్రిందికి చేరినవి. 1890 తరువాతి సంవత్సరములలో చెన్నపట్నమున ప్రభుత్వోద్యోగియు క్రైస్తవుడునగు ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారుగారు, ఈ పాటలు నానాటికి రూపము మారిపోవుచున్నవని వగచి, ఆ కృష్ణస్వామి భాగవతరుగారి నోట విని, యూరోపీయ స్వరలిపిలో వానిని వ్రాసి ముద్రింపించిరి. ఈ పనియందు తమ ధనమును, ఆరోగ్యమును వ్యయపరచిరి. దక్షిణదేశపు కృతులను చక్కగా వ్రాసి యుంచవలెనని సుబ్బరామ దీక్షితులుగారిని ప్రోత్సహించినవారిలో వీరును ఒకరు. ఆ దీక్షితులుగారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురమున తెలుగులిపిలో అచ్చుపడినది. త్యాగయ్యగారి రామభక్తిగీతములను కాపాడుటకు ఒక క్రైస్తవుడు ఇంత శ్రమపడుట మా పాఠశాల విద్యార్థులకు ఆదర్శము కాదగినది.

పాటలను కాపాడినవారి మాట యట్లుండగా, సమాధిని కాపాడిన వారిని గూర్చియు చెప్పవలయును. ఆ సమాధి శిథిలావస్థలో నుండగా, బెంగుళూరు నాగరత్నమ్మగారను గాయని తన యావదార్జితమును వెచ్చించి 1920 తరువాతి సంవత్సరములలో అచ్చట ఆలయము కట్టించెను. ఆమె దేవదాసీ కులమున పుట్టినది. స్త్రీలు ఆరాధనోత్సవమున పాడరాదని ఆ కాలపు నిర్వాహకులు నిషేధించియుండిరి. ఆమె వెనుదీయక స్త్రీలతో వేరుగా ఆరాధన జరిపించెను. 1940లో భిన్నపక్షములన్నియు ఒక్కటై ఆరాధన చేసినవి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని ఘనరాగ పంచరత్న కృతులను విద్వాంసులందరు ఒక్కగొంతుగా పాడు సంప్రదాయము ఆ కాలముననే స్థిరపడినది. చూడుడు! నేడు మనము ప్రాచీనమని కన్నుల కద్దుకొను ఆ గోష్ఠిగానము త్యాగయ్యగారు గతించిన తొంబది యేండ్లకు పిమ్మట వచ్చిన క్రొత్త పద్ధతియే.

ఇక మా బాలుడు పాడిన నగుమోము మాటకు వత్తము. ఈ కృతిని ఆభేరిరాగమని యందురు. సప్తస్వరములలో ఆరవదియగు ధైవతము పూర్వపు ఆభేరియందు శుద్ధధైవతము. ముత్తుస్వామి దీక్షితులుగారి ఆభేరి నేటికిని అట్లే యున్నది. నగుమోము మాత్రము ధైవతము ఒక మెట్టు పైకి జరిగి, చతుశ్రుతి ధైవతముతో వాడుకలోనికి వచ్చినది. 1930 తరువాతి సంవత్సరములలో ముసిరి సుబ్రహ్మణ్యయ్యరుగారు గ్రామఫోనునకు పాడిన పలక ఈ క్రొత్తరూపమును ఇల్లిల్లు చేర్చినది. నేడు సభలో ఎవరైన శుద్ధధైవతముతో నగుమోమును పాడినచో, ఇదేమి అపస్వరమని వినువారే ముఖము చిట్లింతురు. మా వృద్ధోపాధ్యాయులవారు బాల్యమునుండి ప్రేమించి, బాలుడు చెడగొట్టెనని వగచిన పాట ఏది? ఆ గ్రామఫోను పాటయే! అదియు తన కాలమున క్రొత్త వేషమే. ఈ సంగతి మాకు తెలిసినప్పుడు మేము పట్టిన పక్షము కొంత సడలినది.

తెలుగుదేశమునకును ఈ పాటలు నానామార్గముల తిరిగి వచ్చినవి. మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి శిష్యులైన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారి ద్వారా పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికిని, వారి ద్వారా మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికిని త్యాగయ్యగారి పరంపర సంక్రమించినది. 1946లో చిత్తూరు నాగయ్యగారు త్యాగయ్య యను చలనచిత్రమును నిర్మించి, తామే త్యాగయ్యగారి వేషము ధరించి ఆ కీర్తనలను పాడిరి. సభాసంప్రదాయమునందలి విస్తారమైన సంగతులు ఆ చిత్రమునకు ఇమడవు గదా. పాటలు సంక్షిప్తమైనవి. అయినను సంగీతసభ యెట్లుండునో ఎరుగని పల్లెటూరివారు సైతము ఆ చిత్రమును చూచి కన్నీరు తుడిచికొనిరి. ఆ క్లుప్తపాఠము విస్తృతపాఠమును చంపలేదు. దానియొద్దకు క్రొత్త శ్రోతలను నడపించినది.

అట్లయిన పాట చెడుటయనునది లేదా? కలదు. ధైవతము మారినప్పటికంటె, వాద్యము మారినప్పటికంటె, మాట విరిగినప్పుడు పాట ఎక్కువగా చెడును. త్యాగయ్యగారు నిత్యము మాటలాడు తెలుగులోనే దైవముతో మొరపెట్టుకొనిరి. చనవు, అలుక, వేడుకోలు, ఎత్తిపొడుపు అన్నియు ఆ మాటలలోనే యున్నవి. తాళమునకు సరిపెట్టుటకై పదమును నడుమ విరిచి, ఊపిరిని తప్పుచోట తీసికొని, అర్థమును గాలికి వదలినచో, శుద్ధసంప్రదాయములో పాడినను పాట శవమే. తెలుగు మాతృభాషగాని తమిళ, కన్నడ, మలయాళ గాయకులెందరో ఈ కృతుల యర్థమును అడిగి తెలిసికొని భక్తితో పాడి వీనిని నూటయేబదియేండ్లకు పైగా బ్రతికించిరి. వారికి మనము ఋణపడియున్నాము. తెలుగు పుట్టువుగా గల మనమే అర్థమెరుగక పాడుట సిగ్గుచేటు.

రెండవ కీడు మరియొకటి. క్రొత్తపాఠము పాతదాని ప్రక్కన కూర్చున్నంతవరకు భయము లేదు. పాతది వినబడక, క్రొత్తదే యసలైనదని పిల్లలు నమ్మినపుడు నష్టము కలుగును. కాని ఆ నష్టమునకు బాధ్యులు క్రొత్తగా పాడినవారు కారు. పాతది ఎరిగియుండియు చెప్పక ఊరకుండిన పెద్దలు. పందిరినుండి లేచిపోయిన వృద్ధోపాధ్యాయులవారిని నాడు మేము సమర్థించితిమి. నేడు చూడగా, వారును మేమును లేచిపోవుటకు మారుగా ఆ బాలుని దరికి పిలిచియుండవలసినది.

ఈ యభిప్రాయమును మేము వారితో సవినయముగా మనవిచేసితిమి. వారు కొంతసేపు మౌనముగానుండి, మరునాటి సాయంకాలము బాలుని పిలిపించిరి. పాటకు అర్థమేమియని యడుగగా బాలుడు తెల్లబోయెను. అప్పుడు వారు, స్వామి చిరునవ్వు ముఖమును చూడనోచుకొనని భక్తుడొకడు ఎంతో తపించుచున్నాడనియు, రక్షింప రాకపోవుటకు కారణమేమై యుండునాయని స్వామి వాహనమైన పక్షిరాజుమీద సైతము అనుమానపడుచున్నాడనియు, ఆకాశమునుండి నేల బహుదూరమని ఆ పక్షి జంకెనా యని చిన్నబిడ్డవలె అడుగుచున్నాడనియు విడమరచి చెప్పిరి. బాలుడు నవ్వెను. ఆ నవ్వు వెంటనే ఆగిపోయెను. పిదప పాడుమనగా, తాను ఫోనులో విన్న వరుసలోనే పాడెను. కాని పక్షిరాజు మాటయొద్ద మునుపటివలె నడుమ విరువక, నిదానించి, అడిగినట్లు పాడెను. నడక దానంతట అదియే నెమ్మదించినది. వృద్ధోపాధ్యాయులవారు తాము చిన్ననాడు నేర్చిన సంగతులు రెండు అతనికి చెప్పిరి. నాటినుండి బాలుడు వారానికి రెండు దినములు వారి యింటికి పోవుచున్నాడు.

విద్యార్థులారా! మీరు మీ కాలపు వరుసలలో పాడుడు. మేము వలదనము. పాడుటకు ముందు రెండు పనులు చేయుడు. మాటల యర్థమును పెద్దలనడిగి తెలిసికొనుడు. మీకు ముందు ఆ పాట ఎట్లు పాడబడెనో ఒక్కమారైన విని యుండుడు. ఈ రెండును చేసినవాని గొంతున త్యాగయ్యగారి పాట చెడదు. రాజు పిలిచినను పోని ఆ మహాత్ముని పాట, అర్థమెరిగి పిలిచిన 8వ తరగతి బాలుని గొంతునకు మాత్రము తప్పక వచ్చును.